సవరణ: మోకీళ్ల మార్పిడి, వయసు, ఖర్చు

మోకీళ్ల ఆపరేషన్ మీద మొన్నటి పోస్టులో రెండు చోట్ల మార్చాను.

"అరవై ఐదు దాటాకే చేయించుకోవాలి" అన్న మాట తీసేశాను. కృత్రిమ కీలు త్వరగా అరిగిపోతుందన్న భయంతో ఒకప్పుడు డాక్టర్లు ఆగమనేవారు. ఇప్పుడు యాభైల్లో ఉన్నవాళ్లూ చేయించుకుంటున్నారు. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం పూర్తిగా మార్చిన మోకీళ్లలో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి. కాకపోతే అది ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ రికార్డుల లెక్క. వంగి నాట్లేసి, గొంతుక్కూర్చుని కలుపు తీసే మన కోనసీమ ఆడవాళ్లు అందులో లేరు. ఇక్కడ వయసుకన్నా ముందు చూడాల్సింది నొప్పి, ఎక్స్‌రే, బరువు తగ్గి వ్యాయామం చేసినా నొప్పి తగ్గిందా లేదా అన్నది.

ఇక ఖర్చు. ఆపరేషన్‌కు అవుతుందని ఆ పోస్టులో రాసిన 54,720 రూపాయలన్నది నిజానికి 2017 ఆగస్టులో కేంద్రం కోబాల్ట్ క్రోమియం లోహపు ఇంప్లాంటుకు, అంటే లోపల అమర్చే కృత్రిమ కీలుకు, పెట్టిన గరిష్ఠ ధర. జీఎస్టీ అదనం. ఆపరేషన్ మొత్తానికి కాదు! పాలకొల్లు నుంచి ఒకావిడ అంతే డబ్బు సర్దుకుని ఆసుపత్రికి బయల్దేరబోయారట. గది, మత్తు, ఫిజియోథెరపీ అన్నీ వేరే. ఆ ధర తర్వాత సవరిస్తూ వచ్చారు కాబట్టి ఇంప్లాంటు రకం, రేటు బిల్లులో విడిగా రాయించుకోండి.