మళ్లీ కరోనా వచ్చిందంటే లోపం ఆమె ఒంట్లో లేదు

ఇప్పుడే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ చూశాను, ఆ మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆస్పత్రిలో కాంట్రాక్టు నర్సుగా పనిచేసే మా అక్కకి మళ్లీ కరోనా పాజిటివ్ వచ్చిందని అమ్మ ఒక్క ముక్క రాసింది, అంతే. దానికి మామయ్య వరసయ్యే పెద్దాయన ఒకరు, "అమ్మాయి ఒంట్లో సత్తువ లేదమ్మా, ఇమ్యూనిటీ ఉన్నవాళ్లకి ఒకసారి వచ్చి పోతుంది, మళ్లీ మళ్లీ రాదు, తిండి మీద శ్రద్ధ పెట్టమను" అని జవాబిచ్చారు. కింద వరసగా దండాలు. ఇంకొకావిడ కషాయం వీడియో పెట్టింది. అక్క ఎలా ఉందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అమ్మ బాధపడుతుందని గ్రూపులో నోరు మూసుకున్నాను. మామయ్యగారూ, మీరంటే గౌరవం ఉంది కానీ ఈ మాట ఊరుకునేది కాదు.

ఒకసారి వస్తే మళ్లీ రాదని ఎవరు చెప్పారండీ మీకు? 2020 ఆగస్టులోనే హాంకాంగ్‌లో తేలిపోయింది కదా. 33 ఏళ్ల మనిషి, ఆరోగ్యంగా ఉన్నవాడే, మార్చిలో ఒకసారి వచ్చి తగ్గింది, ఆగస్టులో స్పెయిన్ వెళ్లి తిరిగొస్తుంటే ఎయిర్‌పోర్టు టెస్టులో మళ్లీ పాజిటివ్. పాత వైరస్సే ఒంట్లో మిగిలిపోయిందేమో అనుకోకుండా జన్యుక్రమం పోల్చి చూశారు, రెండూ వేరు వేరని తేలింది. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ వాళ్లు కూడా రెండు పాజిటివ్‌ల మధ్య కనీసం 102 రోజుల తేడా, మధ్యలో ఒక నెగెటివ్ ఉంటే దాన్ని రీఇన్ఫెక్షన్ అనొచ్చని లెక్క పెట్టుకున్నారు. అంటే మళ్లీ రావడమన్నది దేశంలో పెద్ద డాక్టర్లు లెక్కలోకి తీసుకున్న విషయం, మా అక్క ఒక్కదాని బలహీనత కాదు.

అసలు ఈ జాతి వైరస్‌ల తీరే అంత. మనకి మామూలు జలుబు తెప్పించే కరోనాలు నాలుగున్నాయి, ఏళ్ల తరబడి మనుషుల్లో తిరుగుతున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో పది మంది దగ్గర దశాబ్దాలుగా దాచిన రక్త నమూనాలు పరీక్షిస్తే, ఏడాది తిరిగేసరికి అదే వైరస్ మళ్లీ పట్టుకోవడం మామూలేనని కనిపించింది. వాళ్లందరికీ తిండి సరిపోకనా? ముక్కులో, గొంతులో కాపలా కాసే యాంటీబాడీలు నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతాయి, లోపల రక్తంలో వైరస్‌తో పోరాడే టీ కణాలు మాత్రం జబ్బు ముదరకుండా చాలావరకు ఆపుతాయి. అందుకే చాలామందికి రెండోసారి తేలిగ్గా పోతుంది. రాకుండా ఉండటం వేరు, ప్రాణం మీదికి రాకుండా ఉండటం వేరు, మనవాళ్లు ఈ రెండూ కలిపేసి ఎదుటి మనిషి ఒంటి మీద తీర్పు చెప్పేస్తారు.

పైగా వైరస్ అలాగే కూర్చోలేదు కదా. 2021 నవంబర్‌లో దక్షిణాఫ్రికా నుంచి ఒమిక్రాన్ అనే కొత్త రకం కబురు వచ్చింది, ఆ తర్వాత లెక్కలన్నీ తారుమారయ్యాయి. ఖతార్‌లో చూసిన లెక్క ప్రకారం, ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకి అంతకుముందు తిరిగిన ఆల్ఫా, డెల్టా రకాలు మళ్లీ సోకకుండా 90 శాతం దాకా రక్షణ ఉండేది, ఒమిక్రాన్‌కి వచ్చేసరికి అది 56 శాతానికి పడిపోయింది. అక్కకి మొదటిసారి వచ్చింది పాత వైరస్, ఇప్పుడు తిరుగుతున్నవి ఒమిక్రాన్ పిల్లలు, వాటి పిల్లలు. తాళం మార్చేశాక పాత తాళంచెవి పనిచేయలేదని ఇంటివాళ్లని తిడతామా?

ఇంకొకటి చెప్తాను, సత్తువ సత్తువ అంటున్నారు కాబట్టి. బ్రిటన్ జాతీయ గణాంకాల సంస్థ ఇంటింటి సర్వేలో మళ్లీ సోకే అవకాశం ఎవరికి ఎక్కువ కనిపించిందో తెలుసా? టీకా వేసుకోనివాళ్లకి, మొదటిసారి వైరల్ లోడ్, అంటే ఒంట్లో వైరస్ మోతాదు, తక్కువగా ఉన్నవాళ్లకి, వయసులో చిన్నవాళ్లకి. చిన్నవాళ్లు! బయట తిరిగేది వాళ్లు, బస్సులెక్కేది వాళ్లు, పనిచేసేది వాళ్లు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో 2021లో చూస్తే, ఒకసారి వచ్చి తగ్గాక టీకా వేసుకోనివాళ్లకి మళ్లీ రావడం, టీకా పూర్తిగా వేసుకున్నవాళ్లతో పోలిస్తే రెండు రెట్లకు పైనే ఉంది.

పెద్దవాళ్ల సంగతీ చెప్పాలి. డెన్మార్క్‌లో 2020 నాటి లెక్కలు చూస్తే, ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకి మళ్లీ రాకుండా 80 శాతం దాకా రక్షణ ఉంటే, 65 దాటినవాళ్లకి అది 47 శాతమే. మామయ్యగారూ, మీకు డెబ్భై దాటాయి, షుగర్ ఉంది, "నాకొకసారి వచ్చేసిందిగా" అని ప్రికాషన్ డోసు, అదే మూడో టీకా, వేయించుకోలేదు. మీ గురించి మా అక్కకి ఎంత టెన్షనో మీకు తెలియదు. 2022లో 60 దాటి జబ్బులున్నవాళ్లకి డోసు మొదలైందని తెలియగానే మీ ఇంటికి ఫోన్ చేసి బతిమాలింది. ఆ పిల్లనా మీరు తన ఒంటి మీద తనకే శ్రద్ధ లేదంటున్నారు?

ఆమె ఎక్కడ పనిచేస్తుందో ఒక్కసారి చూసి మాట్లాడండి. ఆయాసంతో వచ్చినవాళ్ల వార్డు. నెబ్యులైజర్ పెట్టేది ఆమె, కఫం సక్షన్ చేసేది ఆమె, మనిషి దగ్గుతుంటే మొహానికి జానెడు దూరంలో వంగి ఆక్సిజన్ మాస్కు సర్దేది ఆమె. అక్కడ ఎన్95 ఉంటుంది, ముక్కు మీద చర్మం కందిపోయేదాకా పెట్టుకునే ఉంటుంది. నన్నడిగితే అసలు ప్రమాదం వార్డులో కన్నా డ్యూటీ రూమ్‌లోనే ఉంది. అరడజను మంది నర్సులు ఆ ఇరుకు గదిలో కూర్చుని టిఫిన్ బాక్సులు తెరుస్తారు, మాస్కులు తీయక తప్పదు కదా, ఉన్న ఒక్క కిటికీకీ బయట బీరువా ఆనించి పెట్టారు. గాలి ఆడదు. ఒకరికి గొంతు నొప్పి మొదలైతే వారం తిరిగేలోపు సగం మందికి. ఆ బీరువా జరిపించమని ఎన్నిసార్లు అడిగినా అతీగతీ లేదు. కషాయం వీడియో పెట్టినావిడ ఆ గదిలో ఒక పూట కూర్చుని రావాలి.

నాకు అన్నిటికన్నా కడుపు మండేది ఇది. రెండోసారి లక్షణాలు వచ్చినప్పుడు, ఒళ్లు కాలిపోతోందని ఆమె ఫోన్ చేస్తే, పైన ఉన్నాయన "నీకు ఆల్రెడీ వచ్చింది కదమ్మా, మళ్లీ రాదులే, నైట్ డ్యూటీకి ఎవరూ లేరు, వచ్చేయ్" అన్నాడు. చదువుకున్న మనిషి, ఆస్పత్రిలో కుర్చీలో కూర్చున్న మనిషి. ఆ రాత్రి ఆమె ఎంతమంది ముసలివాళ్ల మంచాల పక్కన నిలబడిందో తలుచుకుంటే నాకిప్పటికీ భయమేస్తుంది. ఒకసారి వస్తే ఇక రాదన్న మాట చుట్టాల గ్రూపులో ఉంటే ఒక బాధ, డ్యూటీ రోస్టర్ వేసేవాడి నోట్లో ఉంటే పది మందికి ప్రమాదం.

2021 ఏప్రిల్, మే నెలలు ఎలా గడిచాయో మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఇంటి ఓనరు, నర్సు అని తెలిసే ఇల్లు అద్దెకిచ్చినవాడు, రాత్రికి రాత్రి గది ఖాళీ చేయమన్నాడు. పైన మేడ మీద నిలబడి నర్సుల కోసం చప్పట్లు కొట్టిన చేతులే, కింద తాళం మార్చాయి. సామాన్లు ఆటోలో వేసుకుని అక్క, ఇంకో నర్సమ్మ హాస్టల్ కోసం తిరిగారు. ఇప్పుడు "సత్తువ లేదు" అంటున్నవాళ్లలో ఒక్కరు కూడా ఆరోజు మా ఇంటికి రమ్మనలేదు. ఊళ్లో మూడు గదులు ఖాళీగా ఉన్నవాళ్లు కూడా.

డబ్బు సంగతి ఇంకా దారుణం. 2020లో కేంద్రం వైద్య సిబ్బందికి 50 లక్షల బీమా ప్రకటించింది, మంచిదే, కాదనను. కానీ అది ప్రాణం పోతేనే. బతికి బయటపడి, మళ్లీ సోకి, మంచం మీద పడుకున్న కాంట్రాక్టు నర్సుకి అందులో ఏముంది? మా అక్కకి సెలవు పెట్టిన రోజులకి జీతం కోశారు, మొదటిసారీ కోశారు, ఇప్పుడూ కోస్తారు. నిప్పులో దింపి కాలితే డబ్బు కట్ చేయడం ఏం న్యాయమండీ? పర్మినెంట్ వాళ్లకి సెలవులుంటాయి, పక్క మంచం దగ్గర అదే పని చేసే కాంట్రాక్టు నర్సుకి, ఔట్‌సోర్సింగ్‌లో వార్డు తుడిచే ఆయమ్మకి, స్ట్రెచర్ తోసే బాబాయికి ఉండవు. అందుకే వాళ్లు జ్వరం దాచి డ్యూటీకొస్తారు, మాత్ర వేసుకుని పనిచేస్తారు, పక్కవాళ్లకి అంటిస్తారు. మళ్లీ సోకడానికి కారణాలు వెతికే పెద్దలు ఆ జీతం కోతని కూడా ఆ జాబితాలో రాయాలి. డ్యూటీలో అంటుకున్న జబ్బుకి జీతంతో సెలవివ్వాలి, కాంట్రాక్టు అయినా సరే, ఎన్నోసారి వచ్చినా సరే.