కాస్టిక్ రేటు వెనక క్లోరిన్ లెక్క

కాస్టిక్ సోడా రేటు ఒక వారంలో టన్నుకు వెయ్యి రూపాయలు పెరిగితే మార్కెట్ వార్తలు మామూలుగా చెప్పే కారణం ఒకటే: డిమాండ్ పుంజుకుంది. తగ్గితే డిమాండ్ మందగించింది. చాలా వారాల్లో ఈ మాట నిలబడదు. సబ్బుల వాళ్లు, పేపర్ మిల్లులు, బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలు ఎప్పుడూ కొనేంతే కొంటుంటాయి. అసలు కదలిక కాస్టిక్‌తో పాటు తయారయ్యే క్లోరిన్‌లో ఉంటుంది.

ఉప్పునీటిలోకి కరెంటు పంపితే కాస్టిక్, క్లోరిన్, కాస్త హైడ్రోజన్ వస్తాయి. టన్ను కాస్టిక్ చేస్తే దాదాపు 0.88 టన్నుల క్లోరిన్ వచ్చి తీరుతుంది. గానుగలో నూనెతో పాటు తెలకపిండి వచ్చినట్టే అనుకోవచ్చు. కాకపోతే తెలకపిండిని పశువులు తింటాయి, క్లోరిన్ విషవాయువు. కాస్టిక్‌ను ట్యాంకుల్లో నిల్వ పెట్టుకోవచ్చు, ఓడలకెక్కించవచ్చు. క్లోరిన్‌ను పైపులోనో టన్నర్లనే పెద్ద సిలిండర్లలోనో దగ్గర్లోని ఫ్యాక్టరీలకు పంపేయాలి. కొనేవాళ్లు తగ్గిన వారాల్లో ఉత్పత్తిదారులే రవాణా ఖర్చు పెట్టుకుని, పైగా ఎదురు డబ్బిచ్చి దాన్ని వదిలించుకుంటారు. బయటివాళ్లకు వింతగా ఉంటుంది గానీ, మన దేశంలో క్లోరిన్ రేటు మైనస్‌లోకి పోవడం ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు అలవాటే.

క్లోరిన్ ఎక్కువగా ఖర్చయ్యేది పీవీసీలో. అమెరికాలో క్లోరిన్ ప్లాంట్లు చాలావరకు పీవీసీతో ముడిపడి ఉంటాయి కాబట్టి అక్కడ ఇళ్ల నిర్మాణం జోరు మీదుంటే క్లోరిన్ ఎక్కువ తీస్తారు, దాంతో కాస్టిక్ కూడా ఎక్కువ వస్తుంది. మన దగ్గర ఊరూరా పీవీసీ పైపులే, కానీ ఆ పైపులకు ముడిసరుకైన పీవీసీ రెజిన్‌లో సగానికి పైగా దిగుమతి. ఇక్కడ కాస్టిక్ కోసం ప్లాంటు నడుపుతారు, క్లోరిన్ భారంగా మిగులుతుంది.

లెక్క కోసం కాస్టిక్ టన్ను 35,000 రూపాయలు, క్లోరిన్ మైనస్ 4,000 అనుకుందాం. రెండూ కలిపి టన్ను కాస్టిక్ మీద చేతికొచ్చేది సుమారు 31,500. కాస్టిక్, క్లోరిన్ కలిపిన ఈ మొత్తాన్నే ఈసీయూ (ఎలక్ట్రోకెమికల్ యూనిట్) రాబడి అంటారు. క్లోరిన్ మైనస్ 8,000కి దిగితే రాబడిలో మరో 3,500 పోతుంది. అప్పుడు ప్లాంటు లోడు తగ్గిస్తారు, సరుకు తగ్గుతుంది, కాస్టిక్ రేటు ఎక్కుతుంది. 10 శాతం పెరిగినా అదనంగా ఒక్క ట్యాంకర్ కొన్నవాళ్లుండరు. పేపర్లో మాత్రం ‘గిరాకీ’ అని వస్తుంది!

కరెంటు సంగతీ చిన్నది కాదు. ఇప్పుడు ఎక్కువగా వాడే మెంబ్రేన్ (పలచటి పొర) పద్ధతి ప్లాంటులో టన్నుకు 2,200 యూనిట్లకు పైనే కాలుతుంది. అంటే యూనిట్ రూపాయి పెరిగితే టన్నుకు 2,200 రూపాయల పైచిలుకు భారం. 2021లో సరఫరా, కరెంటు అనే రెండు తాళ్లూ ఒకేసారి బిగుసుకున్నాయి. ఆగస్టు చివర్లో ఐడా హరికేన్ లూసియానాలోని ప్లాంట్లను ఆపేసింది. సెప్టెంబరులో చైనా విద్యుత్ కోతలు పెట్టింది. కొన్ని వారాల్లోనే ఆసియా ధరలు ఆకాశానికి ఎగిశాయి. ప్రపంచం ఆ నెలలో హఠాత్తుగా ఎక్కువ సబ్బులేమీ వాడలేదు.

ఇంతకీ వారపు రేటు ఎలా తయారవుతుంది? ధరల ఏజెన్సీల వాళ్లు అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ ఫోన్లు చేసి, జరిగిన బేరాలు, అడిగిన ధరలు రాసుకుని ఒక శ్రేణి ప్రకటిస్తారు. బేరాలు పెద్దగా జరగని వారాల్లో ఆ అంకెలో అంచనా పాలే ఎక్కువ. పైగా తూర్పాసియా రేవుల్లో ఈ వారం కుదిరిన బేరం సరుకు మన తీరం చేరడానికి వారాలు పడుతుంది. ఈలోగా ఓడ కిరాయి మారుతుంది, రూపాయి మారుతుంది. 2023 సెప్టెంబరులో చైనాలోని ఝెంగ్‌జౌ ఎక్స్ఛేంజీలో కాస్టిక్ ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే రేటు కుదుర్చుకునే ఒప్పందాలు) మొదలయ్యాయి కాబట్టి అక్కడి ట్రేడర్ల మూడ్ కూడా ఇప్పుడు లెక్కలోకి తీసుకోవాలి.

తెలుగు ప్రాంతానికి ఇది దూరపు విషయం కాదు. కర్నూలు దగ్గర గొందిపర్లలో, గోదావరి జిల్లాల్లో సగ్గొండ, బలభద్రపురంలో కాస్టిక్ ప్లాంట్లున్నాయి. ఒడిశాలోని దమన్‌జోడిలో అల్యూమినియం ముడిసరుకైన అల్యూమినా తయారీ కోసం ప్రభుత్వ రంగ సంస్థ నాల్కో కాస్టిక్‌ను విశాఖ రేవులో దించుకుంటుంది. అలాంటి పెద్ద కొనుగోలుదారు టెండర్లతో, కాంట్రాక్టులతో నెట్టుకొస్తాడు. ఇబ్బందంతా జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో నెలకు రెండు మూడు ట్యాంకర్లు కొనే చిన్న యూనిట్‌ది. రేటు పెరిగిందని సోమవారం డీలర్ ఫోన్ చేస్తే టెన్షన్ పడి ముందే కొనేస్తారు. ఆ తొందర వల్లే రేటు ఇంకాస్త పెరుగుతుంది. క్లోరిన్ కోలుకున్నాక కాస్టిక్ రేటు దిగినప్పుడు వాళ్ల ట్యాంకులు నిండి ఉంటాయి.

నా మటుకు, వీళ్లు వారపు అంకెతో బేరమాడటం మానేయాలి. గత నెల సగటు ధరకు ముడిపెట్టి, వంద శాతం గాఢత లెక్కన మూడు నెలల ఒప్పందం అడగాలి. మార్కెట్‌లో దొరికేది దాదాపు సగం నీళ్లున్న లై, అంటే కాస్టిక్ ద్రావణం కాబట్టి గాఢత లెక్క ఒప్పందంలో రాసుకోవాల్సిందే. డీలర్ రేటు పెంచుతానన్నప్పుడు ముందు అడగాల్సింది: ‘క్లోరిన్ ఎంతకు పోతోంది?’