మందు ఎలా మొదలుపెట్టాలో మాత్రమే కాదు, ఎలా ఆపాలో కూడా అడగండి

"హార్మోన్లు మంచివా, ఎముకల మాత్రలు మంచివా?" నెలసరి ఆగిన ఆడవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. వయసెంత, దేనికోసం, ఎన్నాళ్లు, ఎలా ఆపాలి? ఈ నాలుగూ తేలకుండా దానికి జవాబు లేదు. అందులో నాలుగోది మందు రాసేవాళ్లు చెప్పరు, వాడేవాళ్లు అడగరు. నా కోపమంతా అక్కడే.

ముందు హార్మోన్ల భయం సంగతి. నెలసరి ఆగిన ఆడవాళ్లకు హార్మోన్లు ఇచ్చి చూసిన అమెరికా అధ్యయనం విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్‌లో ఒక భాగాన్ని 2002లో మధ్యలో ఆపేశారు. అప్పట్నుంచి హార్మోన్ అంటే రొమ్ము క్యాన్సరే అన్న మాట పాతుకుపోయింది. అందులో చేరినవాళ్ల సగటు వయసు 63 అని మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టెరాన్ లాంటి మందు) అనే రెండు హార్మోన్లు కలిపి వాడిన 10,000 మందిలో ఏడాదికి సుమారు 8 రొమ్ము క్యాన్సర్లు ఎక్కువయ్యాయి, తుంటి విరగడం 5 తగ్గింది. గర్భసంచి తీసేసినవాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. పక్షవాతం మాత్రం రెండిట్లోనూ పెరిగింది. ప్రమాదం చిన్నదే, అలాగని లేదనడం కూడా అబద్ధమే.

కాబట్టి 60 లోపు వయసు, నెలసరి ఆగి పదేళ్లు దాటలేదు, ఒళ్లంతా వేడి ఆవిర్లు, నిద్ర లేదు అన్నవాళ్లకు హార్మోన్ మంచి దారి. ఎముకలకూ అదే కాపలా. గర్భసంచి ఉంటే ప్రొజెస్టెరాన్ తోడు తప్పనిసరి, లేకపోతే దాని లోపలి పొరలో క్యాన్సర్ వచ్చే ముప్పు ఉంది. ప్యాచ్, జెల్ రూపంలో అయితే మాత్రతో పోలిస్తే రక్తం గడ్డకట్టే భయం తక్కువ. రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, రక్తపు గడ్డలు ఇదివరకు వచ్చినవాళ్లకు మామూలుగా ఇవ్వరు. ఆపేశాక కొన్నేళ్లలోనే ఎముకకు దక్కిన లాభం కరిగిపోతుంది. అందుకే 70 ఏళ్లకు ఎముకల కోసమే కొత్తగా హార్మోన్ మొదలుపెట్టడంలో అర్థం లేదు.

ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5 గానీ అంతకంటే కింద గానీ ఉంటే, లేదా చిన్నగా జారిపడినందుకే తుంటో వెన్నుపూసో విరిగితే, ఎముకల మందు కావాలి. మామూలుగా మొదట రాసేది వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాములు. ఇందులో పరగడుపున వేసుకున్నా ఒంటికి పట్టేది ఒక శాతం కూడా ఉండదు. కాఫీతోనో, పాలతోనో, కాల్షియం మాత్రతోనో వేసుకుంటే ఆ కాస్తా పోతుంది. నిద్ర లేవగానే, నిండు గ్లాసు మంచినీళ్లతో మింగాలి, తర్వాత అరగంట ఏమీ తినకూడదు, నడుం వాల్చకూడదు. వాలితే మాత్ర అన్నవాహికలో నిలిచి పుండు చేస్తుంది. "నాకు పడలేదు" అని మానేసేవాళ్లలో ఎంతమందికి ఈ అరగంట సంగతి చెప్పారో మరి! నిజంగానే పడకపోతే ఏడాదికోసారి అదే రకం మందు జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు నరంలోకి ఎక్కిస్తారు. మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు, బెదిరిపోకండి. కిడ్నీల పరీక్ష, విటమిన్ డి మాత్రం ముందే చూడాలి.

ఈ రకం మందులు ఎముకలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. అందుకే ముప్పు మరీ ఎక్కువ లేనివాళ్లకు మాత్రలైతే 5 ఏళ్లకు, ఇంజెక్షనైతే 3 ఏళ్లకు విరామం ఇవ్వచ్చు. దీర్ఘకాలం వాడుతున్నప్పుడు తొడలోనో గజ్జలోనో వారాల తరబడి సలుపు ఉంటే ఎక్స్‌రే తీయించాల్సిందే. ఈ మందులు చాలా ఏళ్లు వాడితే అరుదుగా తొడ ఎముక కూడా విరుగుతుంది.

విరామం అన్న మాట అసలు పనికిరానిది డెనోసుమాబ్ అనే మరో రకం ఎముకల సూదిమందుకి. ఆరు నెలలకోసారి చర్మం కింద 60 మిల్లీగ్రాములు, ఎంత సుఖమో! కానీ అది ఎముకలో నిలవదు. గడువు దాటగానే, అన్నాళ్లూ అణిగి ఉన్న ఎముకను తినే కణాలు ఒక్కసారిగా లేస్తాయి. పెరిగిన ఎముక ఏడాది రెండేళ్లలో పోతుంది, కొందరికి వెన్నుపూసలు ఒకటి వెంట ఒకటి నలుగుతాయి. పన్ను పీకించుకోవాలనో, ఊళ్లో లేమనో దీన్ని వాయిదా వేసుకోవడం ఎంత ప్రమాదమో మొదటి సూది రోజే చెప్పాలి. ఆపాలంటే దాని స్థానంలో జోలెడ్రోనిక్ లాంటిది ఎక్కించి ఆపాలి. ఆఖరి సూది పడిన తేదీ రాసిపెట్టుకుని, ఫోన్లో అలారం అయిదో నెలకే పెట్టుకోండి.