అరవై దాటితే కిడ్నీ మార్పిడి లేదని ఎవరు చెప్పారు?

ఒంగోలు, కందుకూరు, కావలి వైపు ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ తెగ తిరుగుతోంది. ఎవరో పెద్దాయన తడుముకోకుండా చెప్పుకుపోతాడు: అరవై దాటినవాళ్ళకు కిడ్నీ మార్చడానికి చట్టం ఒప్పుకోదట, డబ్బు కోసం చేసినా ఏడాది కూడా బతకరట, డయాలసిస్ మీద ఉన్నా అంతే ఆయుష్షట, ఇచ్చిన పిల్లల బతుకు బుగ్గిపాలట, వీటన్నిటికన్నా కొండపిండాకు కషాయం మేలట. ఇది విని మా ఇంట్లో జరగాల్సిన పని ఒకటి ఆగిపోయింది. కనిగిరి, పామూరు వైపు ఊళ్ళలో ఎంతమంది కిడ్నీ రోగులున్నారో మనకు తెలియంది కాదు, అలాంటి చోట ఈ మాటలు పాకితే ఏమవుతుందో తలుచుకుంటేనే కోపం వస్తోంది. అందుకే ఒక్కోదానికీ జవాబు రాస్తున్నాను.

చట్టం సంగతి ముందు తేల్చేద్దాం. 1994 నాటి అవయవ మార్పిడి చట్టంలో, కిడ్నీ పెట్టించుకునే మనిషికి ఇన్నేళ్ళు దాటకూడదన్న షరతు లేదు. ఇచ్చేవాళ్ళకు మాత్రం 18 నిండాలి. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళ అవయవాల కోసం పేరు నమోదు చేసుకోవడానికి జాతీయ మార్గదర్శకాల్లో 65 ఏళ్ళ హద్దు ఒకటి ఉండేది, దాన్నీ 2023లో కేంద్రం ఎత్తేసింది. సొంత రాష్ట్రంలోనే నమోదు చేసుకోవాలన్న నిబంధన కూడా అప్పుడే పోయింది. మన దగ్గర ఆ నమోదు రాష్ట్ర ప్రభుత్వ పథకమైన జీవన్‌దాన్ కింద జరుగుతుంది, ఆసుపత్రివాళ్ళే చేస్తారు.

ఇక ఏడాది కూడా బతకరన్న మాట. అమెరికాలో 1999లో వచ్చిన పెద్ద అధ్యయనం ఒకటుంది. మార్పిడికి తగినవాళ్ళని తేల్చి లిస్టులో పెట్టినవాళ్ళలో, కిడ్నీ దొరికినవాళ్ళనీ డయాలసిస్ మీద ఇంకా ఎదురుచూస్తున్నవాళ్ళనీ పోల్చారు. ఆపరేషన్ తర్వాత మొదటి రెండు వారాల్లో ప్రాణాపాయం 2.8 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇది దాచాల్సిన విషయం కాదు, ఇంటిల్లిపాదీ తెలుసుకునే సంతకం పెట్టాలి. అయితే కొన్ని నెలలు గడిచేసరికి లెక్క తిరగబడింది, 60 నుంచి 74 ఏళ్ళ మధ్యవాళ్ళకు కూడా సుమారు నాలుగేళ్ళ ఆయుష్షు కలుస్తుందని అంచనా తేలింది. అరవై అయిదేళ్ళ మనిషికి నాలుగేళ్ళంటే మనవరాలి పెళ్ళి చూడటం, పొలం పంపకాలు తన చేతులతో చేయడం.

వయసు అసలు పట్టించుకోరా అంటే, పట్టించుకుంటారు. కిడ్నీ జబ్బుల మీద పనిచేసే కేడీఐజీఓ అనే సంస్థ 2020లో ఇచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు వయసును మిగతా జబ్బులతో, ఒంట్లో ఉన్న నీరసంతో కలిపి చూడమంటాయి. డాక్టర్లు చూసేది గుండె ఎలా కొడుతోంది, రక్తనాళాలు ఎంత గట్టిపడ్డాయి, క్యాన్సర్ గానీ టీబీ గానీ దాగి ఉందా, మనిషి తన కాళ్ళ మీద తాను నడుస్తున్నాడా, మందులు గుర్తుపెట్టుకుని వేసుకోగలడా అని. డెబ్భై ఏళ్ళకు కూడా పొద్దున్నే చేలోకి నడిచిపోయే రైతుకు సరే అనొచ్చు, యాభై రెండేళ్ళకే షుగరుతో గుండె దెబ్బతిన్నవాడికి వద్దనొచ్చు. పెద్దవాళ్ళలో శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టడం కాస్త తక్కువే, ఇన్ఫెక్షన్ల భయం మాత్రం ఎక్కువ, అందుకని మందుల మోతాదు చూసి ఇస్తారు. అలా తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ లాంటి మాత్రలు జీవితాంతం టైముకు వేసుకోవాలి, బాగానే ఉంది కదా అని మానేస్తే పెట్టిన కిడ్నీ పోతుంది. చాలామంది అనుకుంటున్నట్టు పాత కిడ్నీలు రెండూ కోసి తీసేయరు, సాధారణంగా వాటిని అలాగే వదిలేసి కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన అమరుస్తారు.

డయాలసిస్ ఉండగా ఇదంతా ఎందుకు అనేవాళ్ళు ఒక్కరోజు ఆ రోగి పక్కన ఉండి చూడండి. సింగరాయకొండలో మా మామయ్యకు అరవై మూడు. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. పొద్దున్నే అరలీటరు సీసా నింపుకుంటాడు, ఆ రోజుకు ఆయన తాగే నీళ్ళు అవే, రోహిణి కార్తెలో కూడా. చేతి మీద ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి కుట్టిన చోట, వేలు పెడితే గుర్రుమని అదురుతుంది, నిద్రలో ఆ చెయ్యి ఒంటి కింద పడుతుందేమోనని తలగడ అడ్డం పెట్టుకుంటాడు. మెషీన్ మీదనుంచి దిగాక పిక్కలు పట్టేస్తాయి, ఇంటికొచ్చి చాప మీద వాలితే ఇక సాయంత్రం దాకా లేవడు. వారానికి 12 గంటలు మెషీన్ చేసే పని అది, మన కిడ్నీలు 168 గంటలూ చేస్తాయి. డయాలసిస్‌ను నేను తక్కువ చేయడం లేదు, ఆయన్ను బతికిస్తున్నది అదే, ఆపరేషన్ తట్టుకోలేనివాళ్ళకు దారీ అదే. అయితే డయాలసిస్ మీద ఏళ్ళు గడిచేకొద్దీ గుండె, రక్తనాళాలు దెబ్బతింటూ పోతాయి. ఇవాళ ఆపరేషన్‌కు తగిన మనిషి మూడేళ్ళు ఆగితే తగకపోవచ్చు. ఆ వాయిస్ మెసేజ్ చేస్తున్న అసలు నష్టం ఇదే, పెద్దవాళ్ళకు లేనిదల్లా టైమే. తగిన దాత ఉంటే డయాలసిస్ మొదలు కాకముందే మార్పిడి చేయించుకునే వీలు కూడా ఉంది, అది అడిగేవాళ్ళే తక్కువ.

కషాయం గురించి ఎక్కువ రాయను. పాడైన కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేదు. ఆకుల రసాల్లో, కొబ్బరినీళ్ళలో అది ఉంటుంది, ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోగలదు. ఆ మెసేజ్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన ముక్క ఇదే.

ఇచ్చినవాళ్ళ బతుకు బుగ్గిపాలు అన్నది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది, ఎందుకంటే దాని వెనకున్న భయం నిజమైంది. ముసలి ప్రాణానికి ఎదిగే పిల్లల ఒళ్ళు కోయడమా అని ఏ తండ్రికైనా అనిపిస్తుంది. దాతకు దీర్ఘకాలంలో కిడ్నీ జబ్బు వచ్చే అవకాశం కొద్దిగా పెరుగుతుంది, డాక్టరు ఆ మాట ముందే చెప్పాలి. అందుకే దాతకు షుగరు, బీపీ, కిడ్నీ పనితీరు అన్నీ గట్టిగా పరీక్షిస్తారు, తేడా ఉంటే వద్దంటారు. ఒక్క కిడ్నీతో మామూలుగా పనులు చేసుకుంటూ బతుకుతున్నవాళ్ళు బోలెడుమంది. పైగా పిల్లలే ఇవ్వాలని ఎవరన్నారు? భార్యాభర్తలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఇవ్వొచ్చు. బ్లడ్ గ్రూపు కలవకపోతే అలాంటి ఇబ్బందే ఉన్న ఇంకో జంటతో దాతల్ని మార్చుకోవడానికి ఆ చట్టానికి 2011లో చేసిన సవరణ దారి తెరిచింది. మన దేశంలో కిడ్నీ ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ, కాబట్టి ఇంట్లో ఆమె సరేనన్నా ఎవరూ లేనప్పుడు విడిగా అడగాలి, వద్దంటే అక్కడితో ఆపేయాలి.

మా అత్తయ్యను నేను అలాగే అడిగాను. "ఆయన మంచం మీద ఉంటే నేను రెండు కిడ్నీలు పెట్టుకుని ఏం చేసుకోవాలి అబ్బయ్యా" అంది. ఆమె బ్లడ్ గ్రూపు O, ఆయనది B, ఆ మేరకు సరిపోతుంది. మిగతా పరీక్షలకు రాయవేలూరు వెళ్ళాలని అనుకున్నారు, దేశంలో మొదటిసారి కిడ్నీ మార్పిడి విజయవంతమైంది 1971లో అక్కడి సీఎంసీలోనే. పరీక్షలయ్యాక ఆయన గుండె తట్టుకోదని డాక్టర్లే అంటే ఒప్పుకుంటాం. వాళ్ళు చూడకముందే ఎవరో వాయిస్ మెసేజ్‌లో వద్దన్నాడని ఆయన టికెట్లు క్యాన్సిల్ చేయించాడు. మళ్ళీ బుక్ చేయమని అత్తయ్య నాకు ఆధార్ కార్డులు పంపింది, వచ్చే వారానికి చేస్తున్నాను.