ట్రాన్స్‌జెండర్ పిల్లల హక్కు ఎవరి సంతకం మీద ఆధారపడాలి?

తాము ఆడో, మగో, థర్డ్ జెండరో చెప్పుకునే హక్కు ఎవరికి వారిదేనని 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసు తీర్పులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019లో తెచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం మాత్రం పిల్లల దగ్గరికి వచ్చేసరికి తడబడింది. కలెక్టర్ ఇచ్చే గుర్తింపు పత్రానికి మైనర్లు సొంతంగా దరఖాస్తు చేసుకునే వీలివ్వలేదు. తల్లిదండ్రులో సంరక్షకులో చేయాలంది. నడక బాలేదని కొడుకును బెల్టుతో కొట్టే తండ్రి ఆ కాగితం మీద సంతకం పెడతాడా?

ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో, కోర్టు ఉత్తర్వు లేకుండా బిడ్డను కుటుంబం నుంచి విడదీయకూడదని అదే చట్టం 12వ సెక్షన్‌లో రాశారు. ఉద్దేశం మంచిదే. ఇంట్లోవాళ్లు సాకలేమంటే కోర్టు పునరావాస కేంద్రానికి పంపాలట. గెంటేసిన పిల్లలను ఏళ్లుగా చేరదీస్తున్న హిజ్రా గురువులకు ఆ సెక్షన్‌లో చోటే లేదు. జమాత్‌లో, అంటే గురువు కింద కలిసి బతికే హిజ్రాల సమూహంలో, అంతా సవ్యంగా ఉందని నేననను. చదువు ఆగిపోయి భిక్షాటనకు వెళ్లాల్సి వచ్చే పిల్లల బాధ చిన్నది కాదు. అయినా చేరదీసినవాళ్లను నేరస్థుల్లా చూసిన చరిత్ర మనది. పదహారేళ్లలోపు అబ్బాయి దగ్గరుంటే చాలు, హిజ్రాలను జైల్లో పెట్టొచ్చన్న నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో!

ఇంటి తర్వాత ఆశ పెట్టుకోవాల్సింది బడి మీదే. అక్కడ ‘ఆడంగి’, ‘పాయింట్ ఫైవ్’ అని పిలుస్తారు. ఏ బాత్రూమ్‌కి వెళ్లినా గొడవేనని పొద్దుట్నుంచి నీళ్లు ముట్టకుండా కూర్చునే పిల్లలుంటారు. టీచరుకు తెలిసినా ఏం చేయాలో తెలియదు. అది నేర్పడానికే పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2021లో ఒక శిక్షణ పుస్తకం తయారుచేస్తే, బాలల హక్కుల కమిషన్ అభ్యంతరం చెప్పగానే వెబ్‌సైట్ నుంచి తీసేశారు. బాలల హక్కుల కోసం ఉన్న సంస్థే ఇలా అడ్డుపడటం నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

తల్లిదండ్రులందరూ దుర్మార్గులేం కారు. నలుగురూ ఏమంటారోనన్న టెన్షన్ వాళ్లది. వాళ్లకు కౌన్సెలింగ్ కావాలి. కానీ వాళ్ల మనసు మారేదాకా బిడ్డ హక్కు ఆగకూడదు. ఇంట్లో ఒప్పుకోకపోతే బాలల సంక్షేమ సమితి ద్వారా దరఖాస్తు చేసుకునే దారి ఉండాలి. పద్దెనిమిది నిండాక చూసుకోవచ్చులే అంటే, అప్పటికే పదో తరగతి మెమో మీద పాత పేరు పడిపోయి ఉంటుంది. ఆ మెమో దాకా వెళ్లకుండానే బడి మానేసేవాళ్లూ ఉంటారు.