ఒకే గ్రూపు అయితే ఒకటే ఉప్పా?

ఇవాళ పొద్దున్న ఆ వాట్సాప్ మెసేజ్ నాలుగోసారి వచ్చింది. మొదట మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, తర్వాత పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, నిన్న మా బావమరిది దగ్గర్నుంచి, ఇవాళ ఏకంగా మా పెద్దనాన్న దగ్గర్నుంచి. "పీరియాడిక్ టేబుల్ మొత్తం ఐదు లైన్లలో! టెన్త్ నుంచి ఎంసెట్ దాకా ఇది చాలు. మీ పిల్లలకు పంపండి." కింద మూడు దండాలు, ఒక రాకెట్ బొమ్మ. నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి బతికేవాణ్ణి కాబట్టి ప్రతివాళ్ళూ "కరెక్టేనా సార్?" అని తోక తగిలిస్తున్నారు. ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను. పెద్దనాన్న పంపాక కుదరలేదు. ఎందుకో ఐదో పాయింటు దగ్గర చెప్తాను.

మొదటి పాయింటు: "గ్రూపు నంబరులో చివరి అంకె ఎంతో వేలన్సీ ఎలక్ట్రాన్లు అన్ని. అన్ని మూలకాలకూ ఇదే." గ్రూపు అంటే టేబుల్‌లో నిలువు వరస, వేలన్సీ ఎలక్ట్రాన్లంటే పరమాణువు అంచున ఉండి బంధాలు కట్టేవి. ఈ సూత్రం 1, 2 గ్రూపులకూ, 13 నుంచి 18 దాకానూ పనికొస్తుంది, హీలియంను పక్కన పెడితే. "అన్నిటికీ" అన్నారు కాబట్టి ఇనుమును చూద్దాం. అది 8వ గ్రూపు. ఈ లెక్కన ఇనుముకు అష్టకం, అంటే చివరి ఎనిమిది ఎలక్ట్రాన్లు, నిండిపోయింది, ఆక్సిజన్ వచ్చి పిలిచినా పలకదు. విశాఖలో బీచ్ దగ్గర ఉండే మా చెల్లెలికి ఈ శుభవార్త చెప్పాలి. పాపం, ఏటా బాల్కనీ గ్రిల్‌కి రెడ్ ఆక్సైడ్ కొట్టిస్తూ డబ్బులు తగలేస్తోంది.

రెండోది: "కుడికి వెళ్తే సైజు తగ్గుతుంది, కిందికి వెళ్తే పెరుగుతుంది. ఒక్క ఎక్సెప్షన్ కూడా లేదు." మొదటి వాక్యం వరకు రాసి ఆపి ఉంటే నాకు పని తప్పేది. అల్యూమినియం వ్యాసార్థం 143 పికోమీటర్లు (పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లో వంతు), దాని కిందున్న గాలియంది 135. మధ్యలో వచ్చి చేరిన డీ అనే రకం ఎలక్ట్రాన్లు పది కేంద్రకం లాగుడును సరిగ్గా అడ్డుకోలేవు, బయటి కర్పరం (ఎలక్ట్రాన్ల పొర) లోపలికి వచ్చేస్తుంది. జిర్కోనియం, హాఫ్నియంల సంగతి ఇంకా విచిత్రం: 160, 159. ఒక కర్పరం పెరిగినా సైజు పెరగలేదు. మధ్యలో ఉన్న ఎఫ్ రకం ఎలక్ట్రాన్లు పద్నాలుగింటి పని అది. వేలన్సీ ఎలక్ట్రాన్లు సమానం, సైజూ సమానం, అందుకే హాఫ్నియం జిర్కోనియం ఖనిజంలోనే నక్కి కూర్చుని 1923 దాకా ఎవరికీ దొరకలేదు. ఇది పరీక్షలో రెండు మార్కుల ముచ్చటే అనుకోకండి. రియాక్టర్‌లో ఇంధన గొట్టాలకు జిర్కోనియం కావాలి, ఎందుకంటే అది న్యూట్రాన్ల జోలికి పెద్దగా పోదు. హాఫ్నియం మాత్రం వాటిని మింగేస్తుంది. హైదరాబాదులో ఈసీఐఎల్ దగ్గరున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఈ కవలలను విడదీయడం పెద్ద పని.

మూడోది: "ప్రతి పరమాణువుకూ ఎనిమిది కావాలి. సోడియం తన ఎలక్ట్రాన్‌ను సంతోషంగా ఇచ్చేస్తుంది, క్లోరిన్ సంతోషంగా తీసుకుంటుంది." పెళ్ళిలో తాంబూలాలు మార్చుకున్నట్టు. మోల్ సోడియం పరమాణువుల నుంచి ఒక్కో ఎలక్ట్రాన్ ఊడబెరకాలంటే 496 కిలోజౌళ్ళు పొయ్యాలి. దాన్ని క్లోరిన్ తీసుకున్నప్పుడు తిరిగొచ్చేది 349. అంటే 147 నష్టం. ఆ నష్టాన్ని పూడ్చేది ఎనిమిది నిండిన సంతోషం కాదు, ప్లస్, మైనస్ అయాన్లు (ఎలక్ట్రాన్ పోయిన, వచ్చి చేరిన పరమాణువులు) స్ఫటికంలో దగ్గరికి చేరినప్పుడు విడుదలయ్యే 787. ఇక్కడ నేను పెద్దగా నోరు చేసుకోకూడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ "సోడియానికి ఇవ్వాలని ఉంటుంది" అనే చెప్పాను. "ఇవ్వాలని ఉన్నదానికి 496 ఎందుకు సార్?" అని వెనక బెంచీ అమ్మాయి అడిగితే, సిలబస్‌లో లేదు కూర్చోమన్నాను. ఆ పాయింటుకే తోకగా "జడవాయువులు దేనితోనూ కలవవు" అని ఉంది. 1962లో నీల్ బార్ట్‌లెట్ అనే రసాయన శాస్త్రవేత్త జీనాన్ అనే జడవాయువుతోనే సమ్మేళనం చేసి చూపించాడు. అప్పటికి మా నాన్నకు పెళ్ళి కూడా కాలేదు.

నాలుగోది చూసి ఎగిరిపడ్డాను: "ఎలక్ట్రాన్ అఫినిటీ అన్నిటికంటే ఎక్కువ క్లోరిన్‌కి, ఫ్లోరిన్‌కి కాదు." దొరికాడు దొంగ అనుకుంటూ గ్రూపులో సగం టైప్ చేసి, ఎందుకైనా మంచిదని పుస్తకం తీశాను. అఫినిటీ అంటే ఎలక్ట్రాన్‌ను తీసుకున్నప్పుడు తిరిగొచ్చే శక్తి: ఫ్లోరిన్ 328, క్లోరిన్ 349. ఫ్లోరిన్ మరీ చిన్నది, అందులో ఇరుక్కున్న ఎలక్ట్రాన్లు కొత్తదాన్ని నెట్టేస్తాయి. బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం, అదే ఋణవిద్యుదాత్మకత, దాంట్లో ఫ్లోరినే ఫస్టు; దాంతో కలిపేసి తడబడ్డది నేనే. మెసేజ్ రాసిన మహానుభావుడికి ఈ ఒక్క పాయింటులో పూర్తి మార్కులు. టైప్ చేసింది చెరిపేశాను.

ఇక ఐదోది. "ఒకే గ్రూపు అంటే ఒకే వేలన్సీ, ఒకే గుణం. సోడియం, పొటాషియం రెండిటికీ చివర ఒకటే ఎలక్ట్రాన్. కాబట్టి శరీరానికి రెండూ ఒకటే. బీపీ ఉన్నవాళ్ళు సోడియం మానేసి పొటాషియం ఉప్పు ఎంతైనా వాడుకోవచ్చు."

మా పెద్దనాన్నకు క్రియాటినిన్ ఎక్కువ, అంటే కిడ్నీలు సరిగా పనిచేయడం లేదని గుర్తు. కొబ్బరినీళ్ళు, అరటిపండ్లు తగ్గించమని డాక్టరు చెప్పి ఏడాదైంది. వాటిలో పొటాషియం ఎక్కువ కాబట్టే తగ్గించమన్నారని ఆయనకు గుర్తులేదు. మెసేజ్ పంపి ఫోన్ చేశాడు. "ఒరేయ్, రెండూ ఒకే గ్రూపంట కదా, మీ పెద్దమ్మ చేత ఆ ప్యాకెట్ తెప్పించాను. కాస్త చేదుగా ఉంది గానీ పర్లేదు." నాకు చెమటలు పట్టాయి.

రెండూ ఒకటేనా? జ్వరమొస్తే మనవాళ్ళు అడిగి మరీ ఎక్కించుకునే సెలైన్ సీసాలో ఉండేది 0.9 శాతం సోడియం క్లోరైడ్. అదే పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌ను పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. చివరి ఎలక్ట్రాన్ ఒకటే మరి! పైగా ఒంట్లోకి వెళ్ళేసరికి ఆ ఎలక్ట్రాన్ రెండిటికీ ఉండదు, ఉండేవి అయాన్లు. సోడియం అయాన్ 102 పికోమీటర్లు, పొటాషియంది 138. కిందికి వెళ్తే సైజు పెరుగుతుందని మెసేజే చెప్పింది కదా, రెండో పాయింటు రాసినవాడు ఐదోది రాసేటప్పుడు టీ తాగడానికి వెళ్ళాడేమో.

మన కణాల పైపొరల్లో పొటాషియం దారులు ఉంటాయి. ఇరుకు దారులు. లోపలి అంచున ఉండే ఆక్సిజన్‌లు పొటాషియం అయాన్‌కు అతికినట్టు సరిపోయే దూరంలో ఉంటాయి, చుట్టూ ఉన్న నీటిని వదిలి అది సులువుగా జారిపోతుంది. సోడియం చిన్నది కదా, ఇంకా సులువుగా దూరుతుందనుకుంటాం. దూరదు. ఆ ఆక్సిజన్‌లు దానికి అందవు, నీటిని వదులుకుంటే దానికి నష్టం, అందుకని బయటే ఉండిపోతుంది. ఆ దారి ఎలా ఉంటుందో 1998లో చూపించిన శాస్త్రవేత్త రోడరిక్ మెకినన్‌కు 2003లో నోబెల్ వచ్చింది. ఆ పొరల్లోనే సోడియంను బయటికి, పొటాషియంను లోపలికి నెట్టే పంపులూ ఉంటాయి, అందుకే కణాల లోపల పొటాషియం లీటరుకు దాదాపు 140 మిల్లీమోల్స్ ఉంటే, రక్తంలో 3.5 నుంచి 5 మధ్యే ఉంటుంది. గుండె కొట్టుకునేది ఈ వ్యత్యాసం మీద. ఎక్కువైన పొటాషియంను బయటికి పంపేవి కిడ్నీలు. అవి సరిగా లేకపోతే రక్తంలో అది పేరుకుపోయి గుండె లయ తప్పుతుంది. ఇంకో తమాషా, బీపీకి వాడే టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి మాత్రలు కూడా పొటాషియంను ఒంట్లో ఆపుతాయి. అంటే మెసేజ్ ఎవరికైతే "ఎంతైనా" అందో, జాగ్రత్తగా ఉండాల్సింది సరిగ్గా వాళ్ళే. కారణం ఇంకా తేలని కిడ్నీ జబ్బుతో శ్రీకాకుళం ఉద్దానం ఏళ్ళ తరబడి అల్లాడుతుంటే, తెలుగులో తిరుగుతున్న మెసేజ్ ఇది.

ఆ ఉప్పే చెడ్డదని నేను అనడం లేదు. కిడ్నీలు బాగున్న పెద్దవాళ్ళకు పొటాషియం కలిపి సోడియం తగ్గించిన ఉప్పు మంచిదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025 జనవరిలో అదే సూచించింది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళను, గర్భిణులను, పిల్లలను అందులోంచి మినహాయించింది. ఐదు లైన్లలో ఆ ఒక్క లైనుకు చోటు దొరకలేదు కాబోలు.

పెద్దనాన్న ప్యాకెట్ పక్కన పెట్టేశాడు, రేపు రక్తపరీక్షకు వెళ్తున్నాడు. మీరు ఈ మెసేజ్ ఎవరికైనా పంపి ఉంటే, ఐదో పాయింటు తప్పని వాళ్ళకు ఇవాళే మళ్ళీ పంపండి. మిగతావి ఉండనివ్వండి, పిల్లలకు పోతే రెండు మార్కులు పోతాయి.