పిట్ట సహకరించలేదట

మధ్య అమెరికాలోని కోస్తారికా అడవులకు వెళ్లివచ్చిన ఒక ఛాయాగ్రాహకుడు తన ఫోటో కింద రాసుకున్న వాక్యం మూడు రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. ‘చాలా సిగ్గరి పక్షి; ఎంత ప్రయత్నించినా సహకరించలేదు’ అని ఆయన వాపోయారు. ఆయనకు జరిగిన అన్యాయాన్ని పక్షపాతం లేకుండా, అంటే పక్షి పక్షం కూడా వహించకుండా, విచారించడమే నా ఉద్దేశం.

నిందిత పక్షి హెర్మిట్ అనే హమ్మింగ్‌బర్డ్, అంటే పూల తేనె తాగి బతికే బుల్లి పిట్ట. హెర్మిట్ అంటే సన్యాసి. దక్షిణ మెక్సికో నుంచి ఉత్తర అర్జెంటీనా దాకా అడవుల అడుగునీడలో తిరిగే ఈ కుటుంబంలో 30కి పైగా జాతులున్నాయి. మిగతా హమ్మింగ్‌బర్డ్‌ల తళుకులు వీటికి లేవు. ఒంటి మీద గోధుమ రంగు, మాసిన ఆకుపచ్చ మాత్రమే ఉంటాయి. అయితే వైరాగ్యం రంగుతోనే సరి. మగపిట్టలు ఒకచోట చేరి, ఎవరి కొమ్మ మీద వారు కూర్చుని, ఆడపిట్టల చెవిన పడాలని గంటల తరబడి అదే ముక్క పాడుతుంటాయి. పొడవు ముక్కు హెర్మిట్ జాతిలో పెద్ద మగపిట్టకు ముక్కు కొన బాకులా మొనదేలి ఉంటుందని, దానితో అది ప్రత్యర్థి గొంతులో పొడుస్తుందని కోస్తారికాలో పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించారు. ఇటువంటి ప్రాణికి బిడియం అంటగట్టిన వారి సూక్ష్మదృష్టికి చేతులెత్తి నమస్కరించాలి.

ఇక సహకారం కోసం చేసే ఏర్పాట్లు చూడండి. ముందుగా ఒక పూలకొమ్మను నరికి తెచ్చి ఇనుప స్టాండుకు బిగిస్తారు. పువ్వులో దేవుడు పోసిన తేనె చాలదని సిరంజితో చక్కెర నీళ్లు ఎక్కిస్తారు. చుట్టూ ఐదారు ఫ్లాష్ దీపాలు నిలబెడతారు. వెనకనున్న అడవి ఫోటోలో అడవిలా రావడం లేదని, అడవి బొమ్మ అచ్చువేసిన పరదాను అడవికి అడ్డంగా కడతారు. ఇలా అడవి నడుమ అడవిని మరుగుపరచి, అడవి బొమ్మ ముందు కోసిన పువ్వును నిలిపి, మగపిట్ట పాట రికార్డును స్పీకరులో పెడతారు. తన కొమ్మ మీదికి ఎవడో వచ్చాడనుకుని అసలు మగపిట్ట బాకు పట్టుకుని దూసుకొస్తే అక్కడ ఒక నల్లపెట్టె పాడుతూ ఉంటుంది. పొడుద్దామంటే దానికి గొంతు లేదు. పిట్ట రెండుసార్లు చుట్టూ తిరిగి తన దారిన పోతుంది. సహకరించకపోవడం అంటే ఇదే.

అసలు దానికి అక్కడ కూర్చునే తీరిక ఎక్కడిది? అడవిలో దూరదూరంగా పూసే హెలికోనియా పూలను, తపాలా మనిషి ఇల్లిల్లూ తిరిగినట్లు, తన బాట ప్రకారం అది చుట్టి రావాలి. వంపు ముక్కు వంపు పువ్వులోకి ఒరలోకి కత్తి దిగినట్లు దిగుతుంది. ఆకుపచ్చ హెర్మిట్ అనే జాతి పిట్టలకు శాస్త్రజ్ఞులు బుల్లి రేడియో పరికరాలు అంటించి దూరంగా వదిలితే, అవి బయళ్లకు అడ్డంపడి రాకుండా, చెట్లున్న చోటు వెంటే చుట్టుతిరిగి ఇల్లు చేరాయి. అంటే పశువుల మేత కోసం అడవిని నరికిన చోట పిట్ట ఆగిపోతుంది, దానికోసం పూసిన పువ్వు అవతల ఊరికే వాడిపోతుంది. ఇల్లు కూలగొట్టి, తలదాచుకోవడానికి ఆకు కోసం వెతుక్కునే ప్రాణిని చూసి ‘సిగ్గరి’ అని మురిసిపోవడానికి అసలు నోరెలా వస్తుందయ్యా! అది సిగ్గు కాదు. నీడ లేకపోవడం.

ఇంతకీ ఆ ఫోటోలో ఉన్నది, పరదా పథకం పారకపోయాక ఆయన వెతికి పట్టుకున్న గూడు. హెర్మిట్ తల్లి పొడవాటి ఆకు కొన అడుగున సాలీడు దారాలతో గూడు అతికించి, రెండు గుడ్లను ఒంటరిగా పొదుగుతుంది. తండ్రిగారు కచేరీలో ఉంటారు. పొదిగేటప్పుడు తల్లి ముఖం ఆకు వైపే ఉంటుంది. అందువల్ల మన ఛాయాగ్రాహకుడికి వీపు, తోక మాత్రమే దక్కాయి. ఇటు తిరగమని ఆయన చాలాసేపు ఈల వేశారట.